బంతిపూల బల్ల మీద నీ ఫోటో

ఓబులేసూ,

బతికుండగా నిన్ను పేరు పెట్టి పిలవలేదు. ఇప్పుడు పిలిస్తే కొట్టడానికి నువ్వు లేవు.

ఇక్కడ గల్ఫ్‌లో, అల్ ఘర్రాఫాలో నేను వంట చేసే ఇంటివాళ్లది మెక్సికో. చనిపోయినవాళ్ల పండుగకని మేడం వాళ్లమ్మ, చెల్లెళ్లు వచ్చారు. వారంగా నాకు నడుం వాల్చే తీరిక లేదు. ఈరోజు బల్ల నిండా బంతిపూలు పరిచి, పోయినవాళ్ల ఫోటోలు పెట్టి, వాళ్లకిష్టమైనవన్నీ నాతో వండించారు. ఈ ఒక్కరోజు వాళ్లు ఇంటికొచ్చి తింటారట.

"నీ భర్త ఫోటో కూడా పెట్టు" అంది మేడం.

"వద్దు మేడం. పిలిస్తే నిజంగానే వస్తాడేమో."

మేడం నవ్వలేదు. నా చేతిమీద నువ్వు పెట్టిన వాత వైపు చూసి, నా మాటను వాళ్లమ్మకు వాళ్ల భాషలో చెప్పింది.

ముసలామె లేచి, బల్ల మీది నుంచి ఒక మీసాలాయన ఫోటో తీసి సొరుగులో పడేసింది. ఆయన ఆమె మొగుడు. ఆయన కోసం వడ్డించిన పళ్లెం నా చేతికిచ్చి, ఇక్కడికొచ్చాక తను నేర్చుకున్న ఒక్క అరబ్బీ మాట, "యల్లా" అని, రమ్మన్నట్టు పక్కకుర్చీ లాగింది.

నీకంటే ముందు ఒక్క ముద్ద తిననివ్వలేదు నన్ను. ఈరోజు అందరికంటే ముందు కూర్చుని కడుపునిండా తిన్నాను.

లక్ష్మీదేవి