నాన్న నాకు చెప్పని అంకె

రాయపూర్, గురువారం

ఫ్యాక్టరీలో నలిగిన నాన్న కాలికి ఆపరేషన్ అయి మూడు రోజులు. నిన్న నొప్పి ఇంజెక్షన్ అరగంట ఆలస్యమైందని సిస్టర్ మీద విరుచుకుపడ్డాను. రోగి హక్కుల మీద కరపత్రంలో చదివిందంతా వార్డు వినేలా అప్పజెప్పాను. నాన్న ముఖం గోడవైపు తిప్పుకున్నాడు.

ఇవాళ ఆమె మామూలుగానే వచ్చి అడిగింది.

"కాకా, నొప్పి ఎంతుందో సున్నా నుంచి పది దాకా చెప్పండి. దర్ద్ కిత్నా హై?"

నాన్న నన్ను చూసి, "సున్నా" అన్నాడు. పిడికిట్లో దుప్పటి నలుగుతోంది.

"అబద్ధం!" అన్నాను.

"నువ్వూరుకోరా బాబూ. మళ్ళీ ఆ పిల్లతో గొడవేటి?"

"భయ్యా, ఆప్ బాహర్ జాయియే," అంటూ సిస్టర్ నన్ను బయటికి పంపేసి తెర లాగింది. నేను తెర ఇవతలే ఆగాను. నాన్న హిందీలో గొణగడం వినిపించింది.

"తొమ్మిది, బేటీ. నిన్నట్నుంచీ తొమ్మిదే. వాడికి చెప్పకు, ఎవరో ఒకరి మీద పడతాడు."

ఆమె వెంటనే ఇంజెక్షన్ ఇచ్చింది. నేను వరండాలోకి పోయి నిలబడ్డాను. లోకంలో అందరి బాధా నాదేనని తిరిగేవాణ్ణి. కన్నతండ్రి నా ఎదుట మూలగడానికి కూడా భయపడుతున్నాడు.

ఇప్పుడు మంచం పక్కనే కూర్చుని రాస్తున్నాను. ఇంజెక్షన్ బలం తగ్గినట్టుంది, పళ్ళు బిగబట్టాడు. సిస్టర్‌ని పిలవనా అంటే వద్దని తల ఊపాడు. నేను లేచి వెళ్ళిపోతే పిలుస్తాడేమో. పోనీ, వెళ్ళాక కూడా పిలవకపోతే…