వేదిక మీద మరుగుదొడ్డి చెప్పులు

అమ్మా, దగ్గు తగ్గింది, కంగారుపడకు. ఇంగ్లీషు ఉపన్యాసాల పోటీలో నాకు రెండో బహుమతి వచ్చింది!

భయంలో, మరుగుదొడ్డిలోనే వదిలి రావాల్సిన చెప్పులు మార్చుకోకుండానే వేదికెక్కాను. హాలంతా ఒకటే నవ్వు. బట్టీపట్టిందంతా ఎగిరిపోయింది. "క్షమించండి, నేనొచ్చాను గానీ నా కాళ్లింకా మరుగుదొడ్డిలోనే ఉన్నాయి," అన్నాను, ఇంగ్లీషులోనే! ఆ తర్వాత మాటలు వాటంతటవే వచ్చాయి. దిగగానే మా ఇంగ్లీషు బ్రిజిడ్ టీచర్, "ఎవరూ రాసివ్వని వాక్యం! మూడేళ్లుగా దీనికోసమే కాచుక్కూర్చున్నానే పిల్లా," అన్నారు.

సముద్రపు నాచు ఎండబెట్టడం మొదలైందా? అవ్వ మోకాలెలా ఉంది? మొరియోకాలో జరిగే పెద్ద పోటీకి వెళ్లాలంటే అనుమతి కాగితం మీద పదో తేదీలోగా సంతకంలా నాన్న పేరు ముద్ర పడాలి. కాగితం విడిగా పంపాను. "నాచుతో ఇంగ్లీషు మాట్లాడతావా?" అని నాన్న వెక్కిరించారుగా, మాట్లాడతానని చెప్పి ముద్ర వేయించమ్మా.

అవ్వకు వంగి దణ్ణం, ఈసారి సరైన చెప్పులతో.

నీ చినాత్సు