ఉబ్బిన పాట

శుక్రవారం, రాత్రి

అన్న మొహం చూడబుద్ధి కావడం లేదు.

నాయన సంవత్సరీకానికి, ఆయన వల లాగుతూ పాడిన ముప్పావు గంట పాట వేయాలనుకున్నాం. ఎంపీత్రీ అయితే పెద్ద బాక్సుల్లో గరగరమంటుంది, వేవ్ ఫైలు తెమ్మన్నాడు కావలి మైకుసెట్టు అతను. అన్న ఏదో వెబ్‌సైటులో వేసి మార్చి, ఫోను నా మొహం ముందు పెట్టాడు.

"చూడు మ్మే, ఫైలు పదింతలైంది. ఇప్పుడు నాయన గొంతు నిండుగా వస్తది."

ఇయర్‌ఫోన్స్ పెట్టుకుని విన్నాను. ఒక్కో చరణం తర్వాత నాయన ఊపిరి పీల్చుకునే చప్పుడు ఇందులోనూ లేదు. మైపాడు ఒడ్డున అన్న ఫోనుతోనే నేను తీసిన అసలు రికార్డింగులో ఉండేది. ఫోనులో చోటు చాలడం లేదని, పాటను చిన్న ఎంపీత్రీ ఫైలు చేసి అసలుది చెరిపేశాడు ఈ మహానుభావుడు.

"పాట ఉండాది గదా, ఊపిరితో ఏం పని?" అన్నాడు.

"ఎండుచేపని నీళ్ళల్లో నానేస్తే ఉబ్బతది. ఈదతదా అన్నా?" అన్నాను. విసురుగా లేచిపోయాడు.

పెళ్ళయినప్పటి నుంచీ వదిన ఇతన్ని ఎలా భరిస్తోందో...

ఆ వదినే ఇందాక చెప్పింది. ఈ ఉబ్బిన ఫైలుకి ఫోనులో చోటు చాలక, అన్న తన క్రికెట్ వీడియోలన్నీ తీసేశాడట. నిమిషం కూడా పట్టలేదట.

అసలు పాట చెరిపేసిన రోజు ఆ నిమిషం లేకపోయింది.