మొదటి ఆర్డరు

ఖాదర్,

నీ పలమనేరు బదిలీ అర్జీని నువ్వు చనిపోయేదాకా తన సొరుగులోంచి కదలనివ్వనివాడే ఇప్పుడు మన డెయిరీకి మేనేజరు. ఇవాళ నీ కూతురు షమీమ్ తిరుపతి నుంచి వచ్చి, తన చిన్న కంపెనీ తయారుచేసిన సాఫ్ట్‌వేర్ అతనికి చూపించింది. తోడుగా నేనూ వెళ్ళాను. అది పెట్టాక ఎవరైనా ఫైలును మూడు రోజులు ఆపితే, ఆ ఫైలు తనంతట తానే పై అధికారికి పోతుంది. మేనేజరు ఒప్పుకుంటే షమీమ్ వాళ్ళకు ఇదే మొదటి ఆర్డరు.

"అంతా బాగుండాది. ఆ పైకి పోయేదొక్కటి తీసెయ్‌మ్మా, ఇప్పుడే సంతకం పెట్టేస్తా."

"అది తీసేస్తే ఇంకేముండాది సార్? మీ సొరుగే గదా!"

మేనేజరు పెన్ను మూసేశాడు. షమీమ్ నవ్వుతూ నమస్కారం పెట్టి లేచింది.

బస్సులో "ఆర్డరు పోయిందే" అన్నాను.

"చిత్తూర్లో ఇంకా ఆఫీసులుండాయి చాచా."

ఇన్ని పుస్తకాలు చదివాను గానీ, ఒకణ్ణి ఇంత మర్యాదగా చెంపదెబ్బ కొట్టడం ఎక్కడా చదవలేదు.