పిడికెడు బియ్యానికి వారసులు

ఖరగ్‌పూర్ మలంచా రోడ్డులో సొంత ఇంట్లో కాపురముంటున్న బొడ్డు జ్ఞానరత్నం అనే నేను, కీర్తిశేషులు పాయింట్స్‌మన్ సత్యవేదం గారి భార్యను, రైల్వే ఆసుపత్రిలో ఆయాగా పనిచేసి రిటైరైనదాన్ని, నా ఇష్టపూర్వకంగా రాయించుకుంటున్న కడపటి వీలునామా ఇది. మోకాళ్లు పనిచేయడం లేదు గాని మతి బాగానే పనిచేస్తోంది. అనుమానం ఉంటే, పోయిన ఆదివారం ఆరాధన అయ్యాక చర్చి కమిటీకి నేను పెట్టిన చివాట్లు విన్నవారిని అడగవచ్చు. ఎవరి బలవంతమూ లేదు. బలవంతం చేయడానికి వచ్చినవాళ్లకు టీ ఇచ్చి పంపేశాను.

ఇప్పుడే ఎందుకు రాయిస్తున్నానంటే, మా మరిది కొడుకు విల్‌ఫ్రెడ్, ఆ కమిటీకి కార్యదర్శి, నేను బతికుండగానే నా ఇంటిని కమిటీ భవనమని చూపించి సర్కారు గ్రాంటుకు మళ్లీ దరఖాస్తు పెట్టాడు. అందుచేత ఈ కింది విధంగా నిర్ణయించడమైనది.

1. నా ఇల్లు, వెనక వంటపాక, పెద్ద డేగిసాలు, పొయ్యిలతో సహా నా చెల్లెలి కూతురు ఎమిలీకి సర్వహక్కులతో చెందుతాయి. ఈ వీలునామాను అమలు జరపవలసినది కూడా ఎమిలీయే. షరతు ఒకటుంది. వరండాలో మధ్యాహ్నం పూట పోసే గంజి ఆగకూడదు. ఆ గంజి కోసం ఏ సర్కారు ఆఫీసులోనూ చెయ్యి చాపకూడదు. చాపిన నాడు ఎమిలీ హక్కు రద్దయి, ఇల్లు ఖరిదాలో కిరాణా కొట్టు నడుపుతున్న కన్యకాంబ గారికి పోతుంది. హిందువుకు రాస్తుందా అని కమిటీ పెద్దలు గుండెలు బాదుకుంటారు. బాదుకోనివ్వండి.

2. కారణం కోర్టువారికి కూడా తెలియాలి గనుక రాయిస్తున్నాను. మా ఆడవాళ్లు అన్నం వండే ముందు, కొలిచిన బియ్యంలోంచి పిడికెడు తీసి ముంతలో వేస్తారు. ఆదివారం ఆ ముంతలు చర్చికి వస్తాయి. మా అమ్మ ఈ అలవాటును భీమిలి నుంచి రైల్లో తనతో తెచ్చుకుంది. ట్రాఫిక్ అనే మా రైల్వే పేటలో, చర్చి వెనక రేకుల షెడ్డులో ఆ బియ్యంతోనే గంజి కాచేవాళ్లం. స్టేషన్ని నమ్ముకుని బతికే ముసలివాళ్లు, ఎవరూ లేనివాళ్లు వచ్చి తాగేవారు. గంజి పోసే ముందు మేం ప్రార్థన చేసుకునేవాళ్లం. తాగేవాళ్లను చేయమని ఎన్నడూ అడగలేదు.

ఎనభై అయిదులో విల్‌ఫ్రెడ్ గ్రాంటు తెచ్చాడు. తనిఖీకి వచ్చిన బెంగాలీ బాబు మంచివాడే. నన్ను వాళ్ల భాషలో మాసీమా, అంటే పిన్నీ, అని పిలిచాడు, బల్ల మీద కూర్చుని గంజి తాగాడు, షెడ్డులో ప్రార్థన మాత్రం కుదరదన్నాడు. ఆ మాటలో తప్పు లేదు. అందరి పన్నుల సొమ్ముతో కాచిన గంజి ముందు ఒకరి ప్రార్థన ఉండకూడదు. న్యాయమైన మాట కాబట్టే ఆ సొమ్ము మనకు వద్దన్నాను. ఎవరూ వినలేదు. సరే, ఇంట్లోనే ప్రార్థన చేసుకుని వచ్చి గంజి కాచాను.

నా కోపం ప్రార్థన గురించి కాదు. ఆ తర్వాతి ఆదివారం విల్‌ఫ్రెడ్ చర్చిలో లేచి, ఇక ముంతలు తేనక్కరలేదని ప్రకటించాడు. నేను అడ్డం పడితే, "సర్కారోళ్లు బస్తాలకి బస్తాలు ఇస్తామంతంటే, ఇంకా ముంతలేటి పెద్దమ్మా, నవ్విపోతారు" అన్నాడు. ఆడవాళ్లు ముంతలు కడిగి అటకెక్కించారు. రెండేళ్లు బస్తాలు వచ్చాయి. తర్వాత ఫైలు ఎక్కడో ఆగింది, బస్తాలూ ఆగాయి. మళ్లీ ముంతలు తెమ్మని కమిటీ అడిగితే ఒకరిద్దరు తెచ్చారు. మిగతావాళ్లు చెడ్డవాళ్లు కారు. చేతికి అలవాటు తప్పిపోయింది, అంతే. షెడ్డుకు తాళం పడింది.

3. ఆ రెండేళ్లూ, తాళం పడ్డాక కూడా, పిడికెడు తీయడం మానని ఇల్లు ఒక్కటే, కన్యకాంబ గారిది. వెంకటేశ్వరస్వామి పటం ముందు పెట్టి ఆమె పంపిన బియ్యంతోనే ఈ వరండాలో నేను మళ్లీ పొయ్యి వెలిగించాను. ఇల్లు ఆమెకు దక్కినా దక్కకపోయినా, నా ఇత్తడి ముంత మాత్రం ఆమెదే.

4. విల్‌ఫ్రెడ్‌కు నూకాలమ్మ సత్తు పళ్లెం రాస్తున్నాను. నూకాలమ్మ ఎవరో వాడికి తెలుసు. యార్డులో బొగ్గు ఏరుకుని బతికి, చూపు పోయాక మా గంజి మీద ఆధారపడిన మనిషి. షెడ్డు మూతపడిందని ఎవరు చెప్పినా నమ్మక రోజూ తాళం ముందు పళ్లెం పట్టుకుని కూర్చునేది. "దేవుడి కూడుకి కూడా సర్కారోడి సంతకం కావాలేటమ్మా?" అని నన్ను అడిగింది. ఆ చలికాలం దాటలేదు. గంజి లేక పోయిందని డాక్టరు అనలేదు, నేనూ అనను. కానీ నా పొయ్యి వెలిగేసరికి ఆమె లేదు. ఇది తలుచుకుంటే నాకు ఇప్పటికీ ఏడుపొస్తుంది.

పింఛను కూడా సర్కారు సొమ్మే కదా అని వాడు నన్ను ఆటపట్టిస్తుంటాడు. అది నేను బెడ్‌పాన్లు కడిగి సంపాదించుకున్న జీతం నాయనా. సర్కారు ఆసుపత్రి నడపాలి, రేషన్ ఇవ్వాలి, అది దాని బాధ్యత. నూకాలమ్మ బాధ్యత మనది. దాన్ని సర్కారుకు అప్పజెప్పి నువ్వు చేతులు దులుపుకున్నావు. దరఖాస్తు వెనక్కి తీసుకో. తీసుకునేదాకా ఆ పళ్లెంలోనే అన్నం తిను.

5. నా ఆసుపత్రి తెల్లచీరలు చింపి, డేగిసాలు దించడానికి మసిగుడ్డలుగా వాడుకోవాలి. మెత్తగా ఉంటాయి, చేతులు కాలవు. సత్యవేదం గారి చేతిలాంతరు ఎమిలీ ఉంచుకోవాలి. వరండా చివరి మెట్టు చీకట్లో ఇప్పటికీ కనపడదు.

6. చెన్నకేశవరావు గారికి ఏదైనా రాద్దామనుకున్నాను. సాక్షికి రాస్తే చెల్లదని వకీలు గారు ఆపారు. ఆయన ఏమీ అనుకోకూడదు.

7. నన్ను పూడ్చిన రోజు వచ్చినవాళ్లకు భోజనం పెట్టాలి. బియ్యం ఎసట్లో పోసే ముందు పిడికెడు తీసి ముంతలో వేయాలి. ఆ పిడికెడు విల్‌ఫ్రెడ్ తీయాలి, ఇంకెవరూ తీయకూడదు. చిన్నప్పుడు నా వంటింట్లో వాడి చెయ్యి పట్టుకుని ఇది నేర్పించాను. వాడు తీసేదాకా ఎసరు మరుగుతూనే ఉండనివ్వండి, ఎంత ఆలస్యమైనా సరే.

ఈ వీలునామాను చదివించుకుని విని, సరిగా ఉందని ఒప్పుకుని, ఖరగ్‌పూర్‌లో 1992 నవంబరు 14న ఇద్దరు సాక్షుల ఎదుట చేవ్రాలు చేశాను.

(సం.) బొడ్డు జ్ఞానరత్నం

సాక్షులు:
చెన్నకేశవరావు, బట్టల వర్తకుడు, ఖరిదా
సుందర్ రాజు, రిటైర్డ్ గార్డు, ట్రాఫిక్