సూరిబాబు గారి మిషను బొమ్మ

మండపేట

అక్కకు నమస్కారాలు.

నేను బాగానే ఉన్నాను. నాన్న మోకాలి నొప్పి తగ్గిందా? అమ్మ మందులు సరిగ్గా వేసుకుంటోందా? ఫోనులో చెబితే నాన్న కంగారుపడతాడని నీకు రాస్తున్నాను.

మన కర్నూలు ఎండలు నయం అక్కా. ఇక్కడ ఉక్క, ఆరేసిన బట్ట ఆరదు. మూడు పూటలా అన్నమే. ఎవరైనా వస్తుంటే కాస్త జొన్నపిండి పంపించు. తిండికి లోటు లేదులే, బెంగపడకు.

నా విసుగంతా మిల్లు గురించే. ఇక్కడ మూడు మిషన్లలో ధాన్యం ఆడతారు. ఏ మిషనులో ఎంత నూక పడుతోందో రిపోర్టు రాయడం నా పని. మా మేనేజరుగారికి అంకెలు అక్కర్లేదు, రంగులు కావాలి. "ఓనరుగారు చదవరండి, చూస్తారంతే" అంటారు. పోయిన నెల నేను గీసిన బొమ్మలో, ఒక్కో మిషను నూక ఎంతో చూపే నిలువు కమ్మీల అడుగుభాగం కత్తిరించి, కొసలు మాత్రమే చూపించమన్నారు. తేడా బాగా తెలుస్తుందట. తప్పని తెలిసీ తలూపాను. దాంతో మూడో మిషను నూక మిగతావాటికి మూడింతలున్నట్టు కనపడింది. నిజానికి తేడా పిసరంత. పక్కనే పట్టికలో ఉంది కూడా. ఎవరు చూశారు?

ఆ మిషను నడిపే సూరిబాబు గారిని మర్నాడే బస్తాలు మోసే పనిలో వేశారు. ఇరవై ఏళ్ళుగా మిషను నడుపుతున్న మనిషి. నాకు అన్నం సహించలేదు. పాత రికార్డులు తిరగేస్తే, ఆ వారం వానకు తడిసిన ధాన్యమంతా ఆ మిషనుకే వెళ్ళిందని తేలింది. తడిసిన గింజ ఎక్కువ విరుగుతుంది కదా.

మేనేజరుగారు వద్దంటున్నా బొమ్మ మళ్ళీ గీశాను. ఒకటే రంగు, కమ్మీలు సున్నా నుంచి, కింద తడి ధాన్యం సంగతి ఒక్క వాక్యం. తిన్నగా ఓనరుగారి దగ్గరికి పట్టుకెళ్ళాను.

ఆయన చాలాసేపు చూశారు. "ఇంతేనా తేడా? మొన్న కొండంత చూపించారేంటమ్మా?"

"తప్పు నాదేనండి" అన్నాను.

సూరిబాబు గారిని మళ్ళీ మిషను మీదకు పంపారు. మేనేజరుగారు మాత్రం నాలుగు రోజులుగా నాతో మాట్లాడడం లేదు. మాట్లాడకపోతే మానె, నాకు కాస్త ప్రశాంతం.

నిన్న సాయంత్రం సూరిబాబు గారు ఆఫీసు గుమ్మం దగ్గర నిలబడ్డారు. తిడతారేమో, పడాల్సిందే అనుకున్నాను.

"ఆ బొమ్మ కాగితం నాకొకటి ఇత్తారా అమ్మా? మా ఆవిడకి చదువు రాదండి. పని పాడుచేశాననే అనుకుంటంది. బొమ్మయితే చూత్తాది."

తీసి ఇచ్చి, ఆయన మిషను ఏదో వేలు పెట్టి చూపించాను. మడిస్తే గీతలు చెడతాయని, కాగితాన్ని రెండు చేతులా పట్టుకుని నడిచి వెళ్ళారు.

అమ్మానాన్నలకు నా దండాలు. పెద్దమ్మను అడిగానని చెప్పు. నా మీద మీ అందరి దీవెన ఉండాలి.

నీ చెల్లెలు
సరోజ