మూడో పాట దాకా ఆగని మనిషి

హౌకిలంపి,
సోమవారం, 22 ఆగస్టు 1988.

ప్రియమైన ఐలాకు,

నీ నేస్తం తోయినీ శుభాకాంక్షలతో రాస్తున్నది. ఇక్కడ మొగుడూపెళ్ళాలం ఇద్దరం కులాసా. ఎస్కో నడుము మాత్రం వాన వచ్చే ముందు కులాసాగా ఉండదు, ఈ ఆగస్టులో వాన రాని రోజంటూ లేదు, కాబట్టి మిగతాది నువ్వే ఊహించుకో. వాసా పట్నంలో నువ్వూ, మీ అక్కగారూ, ఆవిడ పిల్లీ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను. నీ కిటికీలో మొక్కలకి నీళ్ళు పోస్తున్నాను. ఒకటి పోయింది. అది నా తప్పు కాదు, నువ్వు వెళ్ళేటప్పటికే దాని వాలకం బాగాలేదు.

నీ ఉత్తరం అందింది. చదివాను, మళ్ళీ చదివాను, ఎస్కోకి మాత్రం చదివి వినిపించలేదు. మూడు వేసవులుగా తైస్తో ప్రతి శనివారం మన చెరువొడ్డు డాన్సు హాలుకి వస్తున్నాడు. మగవాళ్ళు వెళ్ళి ఆడవాళ్ళని అడిగే వంతు రాగానే తిన్నగా నీ దగ్గరికే నడిచొచ్చి, వంగి, చెయ్యి చాస్తున్నాడు. రెండు పాటలు ఆడి, నిన్ను ఆడవాళ్ళ బెంచీ దగ్గర దింపి, మళ్ళీ వంగి, వెళ్ళిపోతున్నాడు. రెండు పాటలు మర్యాద కోసం ఎవరు ఎవరితోనైనా ఆడతారు. మూడోదానికి కూడా చెయ్యి వదలకపోతే అప్పుడు ఊరంతా పెళ్ళి కాఫీకి కప్పులు కడగడం మొదలెడుతుంది. తైస్తో ఒక్క శనివారమైనా మూడోదానికి ఆగలేదు.

కాబట్టి నీలో ఏదో ఆయనకి గిట్టడం లేదని తేల్చేసుకున్నావు. నీ పొడుగో, నీ నవ్వో, చేపలకి పొగబెట్టీ పెట్టీ మొరటెక్కిన నీ చేతులో. ఏదో కనుక్కుని రాయమన్నావు, పంచదార చల్లకుండా రాయమన్నావు. గిట్టకపోవడమే నిజమైతే ఈ శనివారం ఆఖరి డాన్సుకి కూడా రానని, సెప్టెంబరులో అద్దె ఇంటి తాళాలు తిరిగి ఇచ్చేసి అక్కగారి దగ్గరే ఉండిపోతానని కూడా రాశావు. నువ్వలా వెళ్ళిపోతే నేనెవరితో మాట్లాడుకోవాలి, ఎస్కోతోనా? ఆ భయంతోనే మొన్న శనివారం ఆకుపచ్చ గౌను వేసుకుని బయల్దేరాను. నీ కోసం ఎంత వెళ్ళానో నా కోసమూ అంతే వెళ్ళాను.

నేను హాలుకి చేరేటప్పటికి తైస్తో ఇంకా రాలేదు. ఊరికే నిలబడటం ఎందుకని, అసలు మనుషులకి మనుషుల్లో ఏం నచ్చుతుందో, ఏది చూస్తే మొహం తిప్పుకుంటారో కాఫీ వరసలో వాకబు మొదలుపెట్టాను. డోనట్లు వేయించే కెర్తు చెయ్యి ఆపకుండానే చెప్పింది. మగాడి మొహం చూడకూడదే, వెనక మెడ చూడాలి, మొహం అందరూ కడుక్కుంటారు అంది. వరసలో ముందున్న రెయినో వెంటనే కాలరు పైకి లాక్కున్నాడు. నువ్వు చెప్పవయ్యా అంటే, డాన్సులో తనని లాక్కెళ్ళే ఆడవాళ్ళంటే ఒళ్ళు మంట అన్నాడు. నువ్వు తిన్నగా తీసుకెళ్ళి గోడకి కొడతావు, లాక్కెళ్ళక ఏం చేస్తారు అని కెర్తు అంది. రెయినో డోనటు తీసుకోకుండా వెళ్ళిపోయి, కాసేపటికి వచ్చి తీసుకున్నాడు. పోస్టు పంచే అతను మాత్రం చాలాసేపు ఆలోచించి, పాట నడుస్తుండగా మాట్లాడే ఆడది తనకి వద్దని, పాట అయ్యాక మాట్లాడేదాని గురించి ఇంకా ఏమీ అనుకోలేదని చెప్పాడు.

ఇంటికి వచ్చేటప్పుడు కారులో ఎస్కోని కూడా అడిగాను. ఏమయ్యా, నాలో ఏం చూసి చేసుకున్నావు అని. పెట్రోలు బంకు దాకా ఆలోచించాడు. చర్చి కూడా దాటాం. అప్పుడు, బరువులు మొయ్యగలిగే మనిషిలా కనిపించావు అన్నాడు. ఆదివారం సాయంత్రం దాకా నేనాయనతో మాట్లాడలేదు, ఆయన గమనించలేదు. తరువాత సౌనా ఆవిరిగదికి కట్టెలు మోస్తుంటే, అది పొగడ్తేనేమో అనిపించింది.

నీ సంగతి కూడా గుర్తొచ్చింది. కిందటి వేసవిలో అదే వరసలో నిలబడి నువ్వో మాటన్నావు. మగాడికి ఇంకేం ఉన్నా లేకపోయినా సొంత కాళ్ళ మీద నిలబడితే చాలమ్మా, ఒకణ్ణి మంచం మీంచి ఎత్తి దించిన నడుం ఇది, ఇంకొకణ్ణి ఎత్తదు అన్నావు. అంతా నవ్వారు. నువ్వే అందరికన్నా గట్టిగా నవ్వావు. నీ మొగుడు పోయేదాకా మంచాన పడి ఉన్నన్నాళ్ళూ చూసినదాన్ని గనక నేను నవ్వలేదు.

సరే, తైస్తో దగ్గరికి వస్తాను. వచ్చాడు. గుమ్మంలోనే నిలబడి మన బెంచీ వైపు చూశాడు, చివరిదాకా చూసి మళ్ళీ మొదటినుంచి చూశాడు. నువ్వు లేవు. మగవాళ్ళ వంతు మొత్తం గోడకి ఆనుకునే ఉన్నాడు, ఎవరినీ అడగలేదు. ఆడవాళ్ళ వంతు దీపం వెలగగానే నేనే హాలు దాటి వెళ్ళి ఆయన ముందు వంగాను. మన హాలులో ఆడవాళ్ళ వంతు వస్తే ఎంతటి మగాడూ కాదనడానికి లేదు, కాబట్టి వచ్చాడు.

నువ్వు అడిగినట్టే పంచదార లేకుండా రాస్తున్నాను. ఆ గోధుమరంగు కోటు మోచేతుల దగ్గర అద్దంలా మెరుస్తోంది, దాన్ని ఎవరైనా దాచెయ్యాలి. జేబులో దువ్వెన ఉంది, దువ్వడానికి అంత జుట్టు లేదు. డోనటుని కత్తితో కోసుకుని తింటాడు. మనం డాన్సు చేస్తుంటే మన తల మీదుగా ఎక్కడికో చూస్తాడు, నా వెనక ఏమైనా అంటుకుందా అని మనకి అనుమానం వస్తుంది. ఇక రెండోవైపు. అరచెయ్యి పొడిగా ఉంది. తారు సబ్బు వాసన, ఇంకే వాసనా లేదు. కెర్తు చెప్పిన చోటు కూడా చూశాను, శుభ్రంగా ఉంది. నడిపించేటప్పుడు తొయ్యడు, లాగడు, తలుపు తెరిచి పట్టుకున్నట్టు ఉంటుంది, మనమే వెళ్తాం. ఎస్కోతో ఇన్నేళ్ళూ డాన్సు చేసిన కాళ్ళకి అది కాస్త వింతగానే ఉంది. అంతకన్నా ఏమీ లేదు, కంగారు పడకు.

మొదటి పాట అయింది. పాటకీ పాటకీ మధ్య పక్కపక్కన నిలబడి అందరం నేల చూస్తాం కదా, అప్పుడు అడిగేశాను. తైస్తో గారూ, మా ఐలాలో మీకు నచ్చనిది ఏంటి అని. అలా ఎవరూ ఎవరినీ అడగరని నాకూ తెలుసు. మనిషి అకార్డియన్ వాయించే కుర్రాడి వైపు సాయం అడుగుతున్నట్టు చూశాడు. రెండో పాట మొదలైంది, టాంగో. సగం అయ్యాక, నచ్చనిదా అన్నాడు. ఇంకో చుట్టు తిరిగాక, ఆవిడ పొడుగు అన్నాడు. పొడుగైతే ఏంటండీ అన్నాను. ఆవిడ ఎదురుగా ఉంటే కిటికీలోంచి చెరువు కనపడదు అన్నాడు. ఇంకో అడుగు వేసి, చెరువు మా ఇంటి దగ్గరా ఉంది, ఇక్కడికి వచ్చి చూడక్కర్లేదు అన్నాడు.

నవ్వు సంగతీ అడిగాను. ఆవిడ నవ్వు కార్లు ఆపే చోటు దాకా వినిపిస్తుందండీ అన్నాడు. వినిపిస్తే మీకు ఇబ్బందా అన్నాను. కారు దిగుతుండగానే తెలిసిపోతుంది, ఆవిడ వచ్చారని, ఈ రోజు వినపడలేదు అన్నాడు. ఆ మాట అంటుంటే ఆయన అడుగు ఒకటి తప్పింది. నేను చూడనట్టు ఊరుకున్నాను. నీ చేతుల గురించి అడగలేదు, ఎందుకంటే అప్పటికే ఆయనే అడిగాడు. ఆవిడ వాసాలో కూడా చేపలకి పొగబెడుతున్నారా, అక్కడ పొగకి ఆల్డరు కట్టె దొరుకుతుందా అని.

ఐలా, ఏ మగాడూ తనకి గిట్టని ఆడదాని కట్టెల గురించి బెంగపడడు. ఇది నా అభిప్రాయం కాదు, కళ్ళతో చూసిన సంగతి.

మరి మూడో పాట ఎందుకు ఆడడు అంటావు. అదీ అడిగాను. నన్ను బెంచీ దగ్గర దింపి, వంగి, బయటికి నడిచాడు. చలిగా ఉన్నా, గాలి కావాలనిపించి నేనూ వెనకాలే వెళ్ళాను. బయట కాస్త మాట్లాడుకున్నాం. అక్కడ చూసినదీ విన్నదీ ఈ ఉత్తరంలో రాయనని ఆయనకి మాట ఇచ్చాను. నేను మాట తప్పే మనిషిని కానని నీకు తెలుసు, కాబట్టి రాయను.

మిగతా విశేషాలు. అడవిలో బ్లూబెర్రీలు అయిపోయాయి, లింగన్‌బెర్రీలు ఇంకా పుల్లగా ఉన్నాయి. కెర్తు కోడలు మళ్ళీ జుట్టు కత్తిరించుకుంది, ఎవరూ ఏమీ అనలేదు, దాంతో ఇంకా బాధపడుతోంది. డాన్సు హాలు కప్పు ఒక మూల కారుతోంది, ఈ శనివారం అయ్యాక తలుపులకి పలకలు కొట్టేసి మళ్ళీ మే నెలలోనే తీస్తారు. ఆఖరి డాన్సుకి చెరువు చుట్టూ దీపాలు కట్టడానికి ఎస్కో నిచ్చెన ఎక్కుతానంటున్నాడు, ఆ నడుముతో.

నువ్వు అడిగినదానికి నా జవాబు ఇది. నీలో ఆయనకి గిట్టనిది నాకు కనపడలేదు. బస్సు ఏ పూట ఉందో మీ అక్కగారికి తెలిసే ఉంటుంది. మీ అక్కగారికి నా నమస్కారాలు, ఆవిడ జామ్ చాలా బాగుంది, కాస్త తీపి ఎక్కువైంది.

ఎప్పటికీ నీ,
తోయినీ

తా.క. నేను మాట ఇచ్చింది ఉత్తరంలో రాయనని. ఉత్తరం పైన నా పేరుతో అయిపోయింది. ఇక చదువు.

ఆయన తుంటి అరిగిపోయింది ఐలా. కుడివైపుది. రెండు పాటలు లాగుతుంది, మూడోదానికి లాగదు. నిన్ను దింపి, వంగి, గుమ్మం దాటేదాకా నడక చెడకుండా వెళ్తాడు. ఆ తరువాత నేను చూశాను. కారు తలుపు రెండు చేతులతో పట్టుకుని నిలబడ్డాడు, మొహం సున్నం కొట్టినట్టు ఉంది. డాక్టర్లు కోస్తామంటున్నారట, కోసినా మునుపటిలా అవుతుందని ఎవరూ చెప్పడం లేదట. మూడు వేసవులుగా ఆ రెండు పాటల కోసం అంత దూరం నుంచి కారు తోలుకుని వస్తున్నాడు. ఐలా గారికి చెప్పచ్చు కదా అన్నాను. కిందటేడు కాఫీ వరసలో ఆవిడ వెనక నిలబడింది నేనేనండీ అన్నాడు. నీ మాట నువ్వు మరిచిపోయి ఉంటావు. ఆయన దాన్ని పొల్లు పోకుండా నాకు అప్పజెప్పాడు. ఆవిడ అన్నదాంట్లో తప్పేమీ లేదని కూడా అన్నాడు. వినలేక చెరువు వైపు తిరిగాను.

నీ నడుం సంగతి నేను చెప్పలేను. అది ఎంత మోసిందో చూసినదాన్ని. ఇంకొకణ్ణి మొయ్యలేనంటే శనివారం రావద్దు, తాళాలు నేనే ఇచ్చేస్తాను, నిన్ను ఒక్క మాట అనను. కానీ నువ్వు గిట్టక ఆయన చెయ్యి వదిలేస్తున్నాడని అనుకుంటూ మాత్రం వాసాలో ఉండిపోకు.

వస్తే రెండు పాటలు ఆడు. మూడోదానికి ఆయన నిన్ను బెంచీ వైపు తిప్పేలోగా నువ్వే కాఫీ వైపు తిప్పు, రెయినోకి కోపం వస్తే రానీ. పక్కపక్కన కూర్చుని కాఫీ తాగడం మూడో పాట కన్నా పెద్ద మాటేనని అక్కడ అందరికీ తెలుసు. కిటికీ దగ్గర బల్ల ఎవరికీ ఇవ్వద్దని, దాని మీద రెండు కప్పులు పెట్టి ఉంచమని కెర్తుకి చెప్పాను. నువ్వు రాకపోతే రెండోది ఎస్కో తాగేస్తాడు.